ప్యాక్డ్ బెడ్ రియాక్టర్‌లో వేడి లెక్క గోడ దగ్గరే ఎందుకు తేడా కొడుతుంది

ప్యాక్డ్ బెడ్ రియాక్టర్‌లో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. ఒక ట్యూబు, దాని నిండా క్యాటలిస్ట్ గుళికలు, వాటి సందుల్లోంచి దూరిపోయే గ్యాస్, బయట వేడిని లాగేసే ద్రవమో వేడినిచ్చే మంటో, అంతే. ఇంత సాదా అమరికలో ఫలానా చోట ఎంత ఉష్ణోగ్రత ఉంటుందో ముందే లెక్కగట్టి చెప్పమంటే మాత్రం ఇప్పటికీ చెమటలు పడతాయి. ఒకే ట్యూబుకి, ఒకే గ్యాస్ వేగానికి, గోడ దగ్గరి ఉష్ణ బదిలీ గుణకం (ఒక్కో డిగ్రీ తేడాకి గోడ దగ్గర ఎంత వేడి దాటుతుందో చెప్పే అంకె) ఎంత అని ప్రచురితమైన కోరిలేషన్లను, అంటే కొలతల నుంచి కట్టిన సూత్రాలను, అడిగి చూస్తే, ఒకటి చెప్పినదానికి ఇంకొకటి రెట్టింపు చెప్పడం మామూలే, ముఖ్యంగా రెనాల్డ్స్ సంఖ్య (గ్యాస్ ప్రవాహం ఎంత ఉధృతంగా ఉందో చెప్పే అంకె) తక్కువగా ఉన్నప్పుడు. ప్రయోగాలు సరిగ్గా చేయలేదేమో అని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఆ గుణకాన్ని ఇనుము సాంద్రతలాగా పుస్తకంలోంచి తీసుకునే ధర్మం అనుకోవడంలోనే అసలు చిక్కు ఉంది. ఒక మోడల్‌ని కొలతలకి సరిపెట్టేటప్పుడు ఆ మోడల్‌తో పాటే పుట్టిన నంబరు అది. దాన్ని అక్కడి నుంచి విడదీసి తెచ్చి ఇంకో మోడల్‌లో పెడితే, అంకె అదే ఉంటుంది గానీ అర్థం మారిపోతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ రియాక్టర్లలో నాలుగైదు డిగ్రీల తేడా కూడా చిన్న విషయం కాదు. గెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్బర్ట్ ఫ్రోమెంట్ 1967లో ఆర్థో జైలీన్‌ని గాలితో ఆక్సీకరించి థాలిక్ అన్‌హైడ్రైడ్ చేసే రియాక్టర్‌ని ఉదాహరణగా తీసుకుని చేసిన లెక్కలు ఈ రంగంలో ఇప్పటికీ పాఠంలాగా చెబుతారు. సుమారు 25 మిల్లీమీటర్ల ట్యూబులు, లోపల 3 మిల్లీమీటర్ల గుళికలు, బయట 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన ఉప్పు. ఇలాంటి ట్యూబులు ఒక్కో రియాక్టర్‌లో వేలకు వేలు ఉంటాయి. లోపలికి వెళ్లే జైలీన్ శాతాన్ని కాస్త కాస్త పెంచుకుంటూ పోతే కొంతదూరం వరకు హాట్‌స్పాట్ (ట్యూబులో అన్నిటికంటే వేడెక్కే చోటు) నెమ్మదిగా పెరుగుతుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి ఉష్ణోగ్రత చేతులు దాటిపోతుంది. రనవే అనేది దీన్నే. ఆ గీతకి ఎంత దూరంలో ఉన్నామో చెప్పేది ఉష్ణ బదిలీ లెక్కే. కైనెటిక్స్ (చర్య వేగాలు) ఎంత చక్కగా కొలిచినా, వేడి బయటికి పోయే దారి తప్పుగా రాసుకుంటే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక ఆ దారి సంగతి. గుళికల పరుపులో వేడి అడ్డంగా, అంటే మధ్య నుంచి గోడ వైపు, ఎలా వెళుతుంది? గుళిక నుంచి గుళికకి తాకే చోట నేరుగా వెళ్లేది చాలా తక్కువ, ఎందుకంటే రెండు గోళాలు తాకేది ఒక చుక్క దగ్గరే. ఎక్కువ భాగం ఆ చుక్క చుట్టూ ఉన్న సన్నటి గ్యాస్ సందును దాటి వెళుతుంది. ఉష్ణోగ్రత బాగా ఎక్కువుంటే రేడియేషన్ కూడా తోడవుతుంది. వీటికి తోడు గ్యాస్ ప్రవాహం తనంతట తాను పక్కకి మోసుకెళ్లే వేడి ఉంటుంది. మోడల్ రాసేవాళ్లు ఇవన్నీ కలిపి ఒకే అంకెలో కుక్కేస్తారు: ప్రభావ రేడియల్ ఉష్ణవాహకత. పరుపు మొత్తాన్ని గుళికలు, సందులు లేని ఒకే పదార్థంలాగా ఊహించుకుని, దానికి ఈ వాహకత ఉందనుకోవడం అన్నమాట.

గ్యాస్ కదలనప్పుడు ఈ వాహకత ఎంతుంటుందో చెప్పడానికి జెనర్, ష్లుండర్ 1970లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. దాంట్లో అంకెలు వేసి చూస్తే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. ఖాళీ భాగం (పరుపులో సందుల వాటా) 0.4, గ్యాస్ వాహకత మీటరుకు డిగ్రీకి 0.05 వాట్లు (650 కెల్విన్ దగ్గర గాలికి దాదాపు ఇంతే), గుళిక పదార్థానిది 1 వాట్ అనుకుంటే, పరుపు వాహకత 0.25 దగ్గర తేలుతుంది. సరే, గుళిక పదార్థాన్ని మార్చి దాని వాహకతని 20 రెట్లు పెంచుదాం. పరుపు వాహకత కూడా 20 రెట్లు పెరగాలి కదా? పెరగదు. 0.64కి వస్తుంది, అంటే రెండున్నర రెట్లు దాటి కొంచెం. గుళిక ఎంత మంచి వాహకమైనా వేడి ఆ గ్యాస్ సందును దాటాల్సిందే, ఇరుకు అక్కడుంది కాబట్టి మిగతా దారి వెడల్పు చేసి పెద్దగా లాభం లేదు. మంచి వాహకంతో గుళికలు చేస్తే హాట్‌స్పాట్ పోతుందని ఆశపడే ప్రతిపాదనలన్నీ ఇక్కడే ఆగిపోతాయి.

గ్యాస్ కదలడం మొదలుపెట్టాక లెక్క మారుతుంది. ఎదురుగా గుళిక వస్తే గ్యాస్ పాయ ఏదో ఒక పక్కకి తప్పుకోవాలి, దాని వెనక మళ్లీ ఇంకో గుళిక, మళ్లీ పక్కకి. వరుస వరుసకీ గుళిక సైజులో కొంత భాగం అడ్డంగా జరుగుతూ, ఎటు జరుగుతుందో ముందే చెప్పలేని ఈ నడకే వేడిని అడ్డంగా పంచుతుంది. అందుకే ఈ భాగం గ్యాస్ వేగంతోనూ గుళిక సైజుతోనూ దాదాపు నేరుగా పెరుగుతుంది. రేడియల్ పెక్లె సంఖ్య (గ్యాస్ ముందుకి మోసే వేడికి, అడ్డంగా పంచే వేడికి మధ్య నిష్పత్తి) 8 నుంచి 10 మధ్య స్థిరపడుతుందని దశాబ్దాల కొలతలు చెబుతున్నాయి. ఫ్రోమెంట్ తరహా ట్యూబుకే వేసి చూద్దాం: రెనాల్డ్స్ 120, ప్రాండ్టల్ సంఖ్య (ఇది గ్యాస్ ధర్మం) 0.7, రెంటి లబ్ధం 84, దాన్ని 8తో భాగించి గ్యాస్ వాహకతతో గుణిస్తే 0.53. ఇందాకటి 0.25 కలిపితే మొత్తం 0.78 వాట్లు. రెనాల్డ్స్ వందల్లో ఉన్నప్పుడే మూడింట రెండొంతుల పని గ్యాస్ కదలికే చేస్తోంది, ఇక రెనాల్డ్స్ వేలల్లోకి వెళితే గుళిక వాహకత గురించి టెన్షన్ పడాల్సిన పనే ఉండదు.

ఇంతవరకు బాగానే ఉంది, పరుపు మధ్యలో ఈ కథ నమ్మదగినదే.

గోడ దగ్గరికి రాగానే పైన చెప్పిన ఏ ఒక్కటీ అలాగే నిలబడదు. గోడ చదునుగా ఉంటుంది, గుళిక గుండ్రంగా ఉంటుంది, కాబట్టి మొదటి వరుస గుళికలన్నీ గోడకి ఆనుకుని బుద్ధిగా బారులు తీరతాయి. బెనెనాటి, బ్రోసిలో 1962లో కొలిచి చూపించింది ఇదే: సరిగ్గా గోడ మీద ఖాళీ భాగం 1, అంటే అంతా ఖాళీ, అక్కడి నుంచి అర గుళిక దూరం వచ్చేసరికి 0.2 దగ్గరికి పడిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది, ఇలా అలలు అలలుగా నాలుగైదు గుళికల దూరం వరకు సాగి అప్పటికి గానీ 0.4 దగ్గర కుదుటపడదు. ఇప్పుడు 25 మిల్లీమీటర్ల ట్యూబులో 3 మిల్లీమీటర్ల గుళికలు అన్న లెక్కని మళ్లీ చూడండి. గోడ నుంచి మధ్యకి దూరం నాలుగు గుళికలే. గోడ ప్రభావం లేని మధ్య భాగం అనేదే ఈ ట్యూబులో లేదు! గోడ నుంచి అర గుళిక మందం, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల అంచు ఒక్కటే తీసుకున్నా, అది ట్యూబు అడ్డుకోత వైశాల్యంలో దాదాపు 23 శాతం. క్యాటలిస్ట్ పలచగా ఉండి గ్యాస్ వేగంగా జారిపోయేది కూడా ఆ అంచులోనే.

గ్యాస్ అడ్డంగా జరుగుతూ వేడిని మోసే పని కూడా గోడ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే గ్యాస్ గోడలోంచి దూరలేదు కదా. ఆఖరి కొద్దిపాటి మందంలో వేడి కేవలం గ్యాస్ అణువుల వాహకత మీదే ఆధారపడి దాటాలి. అందుకే గోడ దగ్గర ఉష్ణోగ్రత చాలా నిటారుగా పడిపోతుంది. ఈ నిటారు పతనాన్ని సరిగ్గా గీయడం కష్టమని, మామూలుగా వాడే రెండు కొలతల (పొడవు, వ్యాసార్ధం) మోడల్ ఒక ఉపాయం చేస్తుంది: పరుపు అంతా ఒకే వాహకత అనుకుని, గోడ మీదికి రాగానే ఉష్ణోగ్రత ఒక్కసారిగా గెంతుతుందని రాసుకుంటుంది. ఆ గెంతుకి పెట్టిన పేరే గోడ ఉష్ణ బదిలీ గుణకం. వాస్తవంలో గెంతు లేదు. అక్కడ జరిగే రకరకాల సంగతుల్ని గణితం కోసం మందం లేని ఒక గీతలోకి నొక్కేశారంతే. గుణకం చదరపు మీటరుకి డిగ్రీకి 160 వాట్లు అనుకుంటే, అది 0.3 మిల్లీమీటర్ల కదలని గ్యాస్ పొరతో సమానం, అంటే గుళికలో పదో వంతు. మొత్తం డిజైన్ ఈ పదో వంతు మీద ఎంతలా ఆధారపడిందో కొంచెం దగ్గరగా చూడాలి.

వాహకత 0.8, గోడ గుణకం 160, ట్యూబు వ్యాసార్ధం 12.5 మిల్లీమీటర్లు. ట్యూబు సగటు ఉష్ణోగ్రత నుంచి గోడ దాకా మొత్తం అడ్డంకి అంటే, గోడ గుణకం విలోమానికి, వ్యాసార్ధాన్ని నాలుగు రెట్ల వాహకతతో భాగిస్తే వచ్చేదాన్ని కలపడమే (ఉష్ణోగ్రత పారాబోలా ఆకారంలో ఉందనుకుంటే). మొదటిది 0.00625, రెండోది 0.0039. రెండూ కలిపి విలోమం చేస్తే మొత్తం గుణకం 98 వాట్లు. పరుపు మొత్తం కలిపి పెట్టే అడ్డంకి 38 శాతమైతే, మందమే లేదనుకున్న ఆ గోడ గీత ఒక్కటే 62 శాతం. సగటు గ్యాస్ ఉష్ణోగ్రత గోడ కంటే 30 డిగ్రీలు ఎక్కువుంటే, అందులో పద్దెనిమిదిన్నర డిగ్రీలు గోడ గెంతులోనే పోతాయి, మిగిలిన పదకొండున్నరే పరుపులో.

ట్యూబు నడిమధ్య ఉష్ణోగ్రత సగటు కంటే ఇంకో పదకొండున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. యాక్టివేషన్ ఎనర్జీ (ఉష్ణోగ్రతతో చర్య వేగం ఎంత తీవ్రంగా మారుతుందో చెప్పే అంకె) మోలుకి 113 కిలోజౌళ్లు అయి, సగటు ఉష్ణోగ్రత 680 కెల్విన్ అయితే, నడిమధ్యలో చర్య వేగం సగటు ఉష్ణోగ్రత దగ్గరి వేగం కంటే 40 శాతం ఎక్కువ. వినగానే, ఇంత తేడా ఉన్నప్పుడు ఒక కొలత మోడల్, అంటే అడ్డుకోత మొత్తానికి ఒకే ఉష్ణోగ్రత అనుకునే మోడల్, ఎందుకూ పనికిరాదనిపిస్తుంది. కానీ అంచుల్లో చర్య అంతకంత మందగిస్తుంది కాబట్టి, అడ్డుకోత మొత్తం మీద సరాసరి తీస్తే ఒక కొలత మోడల్ చెప్పినదానికంటే 2 శాతమే ఎక్కువ వస్తుంది. తేడా రెట్టింపై సగటు, గోడల మధ్య 60 డిగ్రీలు ఉన్నా ఆ పొరపాటు 8 శాతం దగ్గరే ఆగుతుంది. అంటే మొత్తం ఎంత మారింది, ఎంత వేడి పుట్టింది అన్న ప్రశ్నలకి ఒక కొలత మోడల్ మీద పడే నిందల్లో సగం అన్యాయమే. నడిమధ్యలో క్యాటలిస్ట్ ఎంత కాలింది, అక్కడ సెలెక్టివిటీ (కావలసిన ఉత్పత్తి వాటా) ఏమైంది అన్న ప్రశ్నలకి మాత్రం అది పనికిరాదు, వాటికి రెండు కొలతలు తప్పవు.

దీనితో పోలిస్తే గోడ గుణకంలో పొరపాటు ఎంత ఖరీదైనదో చూడండి. గోడ గుణకం నిజానికి 20 శాతం తక్కువ అనుకుందాం. అది 128 అవుతుంది, మొత్తం గుణకం 98 నుంచి 85కి పడుతుంది, అంటే 13 శాతం. రనవేకి పాతకాలం నుంచీ వాడే కొండగుర్తు ఏమిటంటే, చర్య జరిగే చోటుకీ చల్లబరిచే ద్రవానికీ మధ్య తేడా, గ్యాస్ స్థిరాంకం ఇంటూ ఉష్ణోగ్రత వర్గం బై యాక్టివేషన్ ఎనర్జీ అన్న విలువని దాటకూడదు. మన ట్యూబుకి అది 34 డిగ్రీలు. డిజైన్‌లో హాట్‌స్పాట్ 20 డిగ్రీలే వచ్చింది, 34కి ఇంకా ఎంతో దూరం ఉందని ధైర్యంగా ఉంటారు. అదే లెక్కలో మొత్తం గుణకం 13 శాతం తగ్గించి చూస్తే పుట్టే వేడికి, పోయే వేడికి సమతూకం కుదిరే ఉష్ణోగ్రతే దొరకదు! గ్యాస్ ముందుకి పోయేకొద్దీ జైలీన్ ఖర్చైపోతుంది కాబట్టి నిజమైన రియాక్టర్ ఇంతకంటే కొంచెం నయంగానే ప్రవర్తిస్తుంది, ఈ కొండగుర్తు జాగ్రత్త వైపే మొగ్గుతుంది. అయినా సరే, కోరిలేషన్ల మధ్య రెట్టింపు తేడాలు తిరుగుతున్న అంకెలో 20 శాతం పొరపాటుకే ఇంత అయితే, ఆ అంకెని ఎక్కడి నుంచి తెచ్చుకున్నామన్నది చిన్న ప్రశ్న కాదు.

ఆ అంకెలు ఎలా పుడతాయో చూస్తే ఈ గందరగోళానికి కారణం అర్థమవుతుంది. మామూలు ప్రయోగంలో చర్య ఏమీ ఉండదు. వేడి గోడ ఉన్న ట్యూబులోకి చల్లటి గాలి పంపిస్తారు, పరుపు పై అంచు దాటాక కొన్ని వ్యాసార్ధాల దగ్గర థర్మోకపుల్స్ పెట్టి ఉష్ణోగ్రత కొలుస్తారు. ఆ వంపుకి మోడల్‌ని సరిపెట్టి వాహకత, గోడ గుణకం రెండూ ఒకేసారి బయటికి లాగుతారు. ఇక్కడే తిరకాసు ఉంది. వాహకత కాస్త పెంచి గోడ గుణకం కాస్త తగ్గించినా, లేక అటుదిటు చేసినా, వంపు దాదాపు ఒకేలా వస్తుంది. కాబట్టి రెండూ జంటగానే నమ్మదగినవి, విడివిడిగా చూస్తే రెంటికీ చాలా ఊగిసలాట ఉంటుంది. ఒకరి పేపర్ నుంచి వాహకత, ఇంకొకరి పేపర్ నుంచి గోడ గుణకం తెచ్చి ఒకే మోడల్‌లో కలపడం ఇందుకే ప్రమాదం. ఒకదాని పొరపాటుని ఇంకొకటి సరిచేస్తూ వచ్చిన జంటని విడగొడితే మిగిలేది పొరపాట్లే.

దీనికి మించిన వింత, పొడవు ప్రభావం. అదే ట్యూబు, అవే గుళికలు, అదే గ్యాస్ వేగం, కేవలం పరుపు పొడవు పెంచుతూ కొలిస్తే వాహకత తగ్గుతూ వచ్చింది. పదార్థ ధర్మం అయితే పరుపు పొడవుతో దానికేం పని? డి వాష్, ఫ్రోమెంట్ 1972లో చేసిన కొలతల్లోనూ ఇది కనిపించింది. 1977లో లీ, ఫిన్లేసన్ పాత డేటానంతా తిరగేసి, పొడవు ప్రభావం లేని కొలతల్ని మాత్రమే ఏరి కోరిలేషన్లు కట్టారు. కారణాల విషయానికొస్తే, పరుపు మొదలయ్యే చోట గ్యాస్ ఉష్ణోగ్రత అడ్డంగా అంతటా సమానంగా ఉంటుందని మోడల్ అనుకుంటుంది, కానీ గోడ లోహం గుండా, గుళికల గుండా వేడి కిందికి పాకి అక్కడ అప్పటికే వంపు తయారై ఉంటుంది. వేడి పొడవునా కూడా పాకుతుందన్న పదాన్ని మోడల్‌లోంచి తీసేస్తే, ఆ తీసేసిన పాపం మొత్తం రేడియల్ వాహకత మీద పడుతుంది. మోడల్‌లో లేని భౌతిక శాస్త్రం ఎక్కడికీ పోదు, ఉన్న పారామీటర్లలోకే దూరి కూర్చుంటుంది.

ఇది నచ్చక, గోడ గెంతునే పూర్తిగా వదిలేసిన దారి కూడా ఒకటుంది. ఫోర్ట్‌మేయర్, షూస్టర్ 1983లో ఖాళీ భాగంతో పాటు మారే గ్యాస్ వేగాన్ని లెక్కలోకి తెచ్చారు. ఆ వరుసలోనే వింటర్‌బెర్గ్, త్సోట్సాస్ బృందం 2000లో వాహకతని కూడా గోడ దగ్గరికి వెళ్లేకొద్దీ గ్యాస్ అణు వాహకత వైపు తగ్గిపోయేలా రాసింది. అప్పుడు గోడ మీద గ్యాస్ ఉష్ణోగ్రత, గోడ ఉష్ణోగ్రత ఒకటే, గెంతు లేదు. ఆలోచనగా ఇది ఎంతో శుభ్రమైన దారి, పొడవైన పరుపుల్లోనూ పొట్టి వాటిలోనూ ఒకే పారామీటర్లు పనిచేయడం దీనికి పెద్ద బలం. ఖర్చేమిటంటే, గోడ దగ్గర చాలా సన్నటి మెష్ (లెక్క కోసం గీసే గళ్ల వల) కావాలి, ఖాళీ భాగం ఎలా మారుతుందో తెలియాలి. గోళాలకైతే ఆ వంపులు ఉన్నాయి, నాలుగు రంధ్రాల స్థూపాలకో రింగులకో వచ్చేసరికి అవి సరిపోవు. అయినా కొత్తగా మోడల్ కట్టేవాళ్లు, కోడ్ రాసుకునే ఓపిక ఉంటే, ఈ దారిని ముందు చూడటమే మంచిది.

గుళిక ఉష్ణోగ్రత, గ్యాస్ ఉష్ణోగ్రత వేరు వేరుగా రాయాలా అన్న చర్చ మీద ఇంతకంటే ఎక్కువ సిరా ఖర్చయింది గానీ, స్థిరంగా నడిచే పారిశ్రామిక రియాక్టర్లలో గ్యాస్ వేగాలు ఎక్కువ కాబట్టి ఆ రెంటి మధ్య తేడా సాధారణంగా కొద్ది డిగ్రీలే. గుళికకీ గ్యాస్‌కీ మధ్య ఉష్ణ బదిలీని చెప్పే వకావో కోరిలేషన్‌తో ఒక్కసారి లెక్కేసి చూసుకుంటే చాలు, తేడా చిన్నదని తేలితే ముందుకి పోవచ్చు.

సమయంతో మారే పరిస్థితుల్లో మాత్రం గుళికల్లో దాగిన వేడి పెద్ద ఆట ఆడుతుంది. మన ట్యూబు 3 మీటర్ల పొడవు అనుకుంటే, గ్యాస్ దాన్ని దాదాపు అర సెకనులో దాటేస్తుంది. కానీ గుళికలు ఘనపు మీటరుకి పట్టుకునే వేడి, వాతావరణ పీడనం దగ్గరి గ్యాస్ కంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. అందువల్ల ఉష్ణోగ్రత మార్పు అదే మూడు మీటర్లు నడవడానికి ముప్పావు గంట దాకా పడుతుంది. ఈ తేడా వల్లే ఒక ప్రమాదకరమైన పని జరుగుతుంది: హాట్‌స్పాట్ పెరుగుతోందని కంగారుపడి లోపలికి వచ్చే గ్యాస్‌ని చల్లబరిస్తే, మొదటి భాగంలో చర్య మందగించి ఖర్చవ్వని జైలీన్ లోపలికి ముందే చేరిపోతుంది, అక్కడి గుళికలు ఇంకా పాత వేడితోనే ఉంటాయి, కాబట్టి ఉష్ణోగ్రత తగ్గడం పోయి కొంతసేపు ఇంకా పైకి లేస్తుంది. రాంగ్ వే బిహేవియర్ అని దీనికి పేరు. 1981లో మెహతా, సామ్స్, లస్ దీన్ని విడమరిచి విశ్లేషించారు. స్థిర స్థితి మోడల్ ఎంత గొప్పదైనా ఈ సంగతి చెప్పలేదు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకి అవసరమైన మోడల్, డిజైన్ ఆఫీసులో వాడే మోడల్ ఒకటే కానవసరం లేదన్నది ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వేడి బయటి నుంచి లోపలికి రావాల్సిన స్టీమ్ రిఫార్మర్‌లో (సహజవాయువుని ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ తీసే రియాక్టర్) బొమ్మ తిరగబడుతుంది. 10 నుంచి 13 మీటర్ల ట్యూబులు, 100 నుంచి 150 మిల్లీమీటర్ల వ్యాసం, బయట మంట, బయటికొచ్చే గ్యాస్ 800 నుంచి 900 డిగ్రీలు. రెనాల్డ్స్ వేలల్లో ఉంటుంది కాబట్టి పరుపు లోపల వాహకత బాగానే ఉంటుంది. రేడియేషన్ వాటా ఉష్ణోగ్రత ఘనంతో పెరుగుతుంది, 650 కెల్విన్ నుంచి 1100కి వెళితే దాదాపు ఐదు రెట్లు. ఇక్కడ రనవే భయం లేదు, భయమంతా ట్యూబు లోహం గురించే. లక్ష గంటల ఆయుష్షుకి డిజైన్ చేసిన ట్యూబు, గోడ ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు పెరిగితే సగం కాలానికే అరిగిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఆ గోడ ఉష్ణోగ్రతని నిర్ణయించేది మళ్లీ లోపలి గోడ గుణకమే. పైగా గుళికలు నింపేటప్పుడు ఎక్కడైనా వంతెన కట్టినట్టు ఇరుక్కుని కింద ఖాళీ మిగిలితే, అక్కడ లోపలి చల్లదనం పోయి ట్యూబు మీద ఎర్రటి మచ్చ తేలుతుంది. సగటు ఖాళీ భాగం 0.4 అని రాసుకున్న ఏ మోడల్‌కీ ఆ మచ్చ కనపడదు.

అందుకే గత రెండు దశాబ్దాల్లో ప్రతి గుళికనీ విడిగా గీసి, సందుల్లోని ప్రవాహాన్ని నేరుగా లెక్కించే సీఎఫ్‌డీ (కంప్యూటర్‌తో చేసే ప్రవాహ లెక్క) మీద ఆసక్తి పెరిగింది. ఆంథనీ డిక్సన్ బృందం రిఫార్మర్ ట్యూబుల కోసం చేసిన పని ఈ దారిలో ముందు వరుసలో ఉంది. కానీ ఇందులోనూ తాకే చుక్కలు వదలవు. రెండు గోళాలు తాకే చోట సందు సున్నాకి సన్నబడుతుంది, అక్కడ మెష్ విరిగిపోతుంది. దాన్ని తప్పించడానికి గుళికల్ని ఒక శాతం లోపు కుదించడమో, కాస్త ఉబ్బించి ఒకదాంట్లోకి ఒకటి దూర్చడమో, తాకే చోట చిన్న వంతెన పెట్టడమో, చివర్లు చెక్కేయడమో చేస్తారు. ఉబ్బిస్తే వేడికి దొంగదారి తెరుచుకుంటుంది, కుదిస్తే ఖాళీ భాగం మారి పీడన నష్టం తప్పుతుంది, ఎర్గన్ సమీకరణంలో ఆ పీడన నష్టం ఖాళీ భాగం ఘనంతో ముడిపడి ఉంది కదా. వేల ట్యూబుల రియాక్టర్‌కి ఈ పద్ధతి నేరుగా వాడాలనుకోవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. దాని సరైన చోటు వేరు: ఒక చిన్న ముక్క ట్యూబుని ఇలా లెక్కించి, గోడ పక్క అర గుళిక మందంలో నిజంగా ఏం జరుగుతోందో చూసి, మన సాదా మోడల్‌కి కావలసిన వాహకత, గోడ గుణకం జంటని అందులోంచి తీసుకోవడం. ఆ జంట మన గుళిక ఆకారానికి, మన ట్యూబు సైజుకి, మన మోడల్‌కే పుట్టినది అవుతుంది.

గుళికల దారే వదిలేసి, వేడి చుక్కల దగ్గర ఇరుక్కోకుండా అఖండంగా ఉన్న లోహం గుండా ప్రవహించేలా చేసే ప్రయత్నాలూ ఉన్నాయి. మిలాన్ పాలిటెక్నిక్‌లో ట్రోంకోని, గ్రొప్పి బృందం అల్యూమినియం, రాగి లాంటి వాహక మోనోలిత్‌ల (సన్నటి దారులున్న ఒకే ముక్క దిమ్మెల) మీద, లోహపు ఫోమ్ సందుల్లో చిన్న గుళికలు నింపడం మీద చాలా కాలంగా పనిచేస్తోంది. ఇరుకు తాకే చుక్కల దగ్గర లేదు కాబట్టి లోపలి వాహకత బాగా పెరుగుతుంది, గ్యాస్ వేగం మీద ఆధారపడటమూ తగ్గుతుంది. అప్పుడు మిగిలే పెద్ద అడ్డంకి మళ్లీ గోడే, మోనోలిత్‌కీ ట్యూబుకీ మధ్య మిగిలే వెంట్రుకవాసి సందు.

గుళికలతోనే పని చేసుకోవాల్సిన వాళ్లు, అంటే చాలామంది, మోడల్ ఫలితంతో పాటు రెండు సంగతులు రాసి పెడితే చదివేవాళ్లకి ఎంతో మేలు. వాహకత, గోడ గుణకం రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయా, ఆ మూలంలో ట్యూబుకీ గుళికకీ నిష్పత్తి ఎంత, పొడవునా పాకే వేడిని లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నది మొదటిది. గోడ గుణకాన్ని 20 శాతం అటూ ఇటూ మార్చి మళ్లీ నడిపితే హాట్‌స్పాట్ ఎంత కదిలిందన్నది రెండోది. మూడు నాలుగు డిగ్రీలు కదిలితే ఆ డిజైన్‌తో ముందుకి పోవచ్చు. కిందకి మార్చిన లెక్కలో ఉష్ణోగ్రత అదుపు తప్పితే మాత్రం ట్యూబు వ్యాసమైనా తగ్గించాలి, లోపలికి పంపే గాఢతైనా తగ్గించాలి, లేదంటే మొదటి మీటరులో క్యాటలిస్ట్‌ని జడ గుళికలతో పలచన చేయాలి.